తాళాల మేస్త్రీ ఆఖరి మాట

సోమవారం పగలు పదకొండింటికి చనిపోవాల్సిన తాళాల మేస్త్రీ, మంగళవారం పొద్దున ఆరింటికి మంచం మీద లేచి కూర్చుని, పాలు కావాలని బొటనవేలు నోటి దగ్గర పెట్టి సైగ చేశాడు.

భార్య చేతిలోని గిన్నె నేల మీద పడి గిరగిరా తిరిగింది. ఆ చప్పుడికి, ఇంటి ముందుభాగంలోనే ఉన్న కొట్లోంచి పనివాడు పరుగెత్తుకొచ్చాడు. పరుగంటే అతనికి చేతనైన పరుగు. గిన్నె తిరగడం ఆగి, ఆవిడ దాన్ని తీసి తుడిచి పొయ్యి మీద పెట్టాక గుమ్మంలో కనిపించాడు. నలభై అయిదేళ్లవాడు, ముగ్గురు ఆడపిల్లల తండ్రి, పదహారేళ్లుగా ఈ కొట్లోనే పని. వీధి వీధంతా అతన్ని 'నిదానం' అనే పిలుస్తుంది. మేస్త్రీ బతికే ఉన్నాడని చూసి, ఆ సంగతి తలకెక్కించుకుని, అప్పుడు నవ్వాడు.

"ఏమండీ, ఎలా ఉంది?" అంది భార్య.

మేస్త్రీ పలకలేదు. బాగానే ఉందని తలూపాడు. నొప్పి ఉందా అంటే లేదన్నట్టు చెయ్యి ఆడించాడు. గొంతు పోయిందా అంటే దానికీ లేదన్నాడు, చేత్తోనే. తర్వాత చూపుడువేలు పైకెత్తి చూపించి, రెండు పెదాలూ బిగించి, వాటి మీద తాళం వేసినట్టు చెయ్యి తిప్పి, కనిపించని తాళంచెవిని జేబులో వేసుకున్నాడు.

భార్యకి అర్థం కాలేదు. నిదానానికి మధ్యాహ్నానికి అర్థమైంది.

సోమవారం మేస్త్రీ వైసులో ఇత్తడి ముక్క బిగించి ఆకురాయి పడుతుండగా గుండెల్లో ఎవరో పిడికిలి బిగించినట్టయింది. కూలబడ్డాడు. డాక్టరు వచ్చి నాడి చూసి పెదవి విరిచాడు. వెనకాలే మసీదు ఇమాం వచ్చాడు. ముప్పై ఏళ్లవాడు, ఈ వీధికి కొత్త. పోయేవాళ్ల దగ్గర కూర్చోవడం ఇదే మొదటిసారి. అయినా నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చేశాడు. కలిమా, అంటే దేవుడి మీద నమ్మకం చాటే మాట, చెప్పమని బలవంతపెట్టకూడదు. వినబడేలా మెల్లగా మనమే చెప్పుకోవాలి. మనిషి దాన్ని అందుకుని చెప్పాక, ఇక వేరే మాట మాట్లాడించకూడదు. అదే ఆఖరి మాట కావాలి. ఎవరి ఆఖరి మాట కలిమా అవుతుందో వాళ్లకి స్వర్గం. ఇమాం చెవి దగ్గర గుసగుసగా చెప్పాడు. మేస్త్రీ గొంతు ఆ వీధిలో రెండు మలుపుల అవతలికి వినబడే గొంతు కాబట్టి, "లా ఇలాహ ఇల్లల్లాహ్, ముహమ్మదుర్ రసూలుల్లాహ్" అని మలుపు అవతలి బండల కొట్టు దాకా వినబడేలా చెప్పి కళ్లు మూసుకున్నాడు. ఇంత చక్కటి చావు ఎంతమందికి దొరుకుతుందని వాకిట్లో జనం కళ్లు తుడుచుకున్నారు.

పన్నెండయింది. ఒంటిగంటయింది. జనం కాళ్లు మార్చుకున్నారు. సాయంత్రం డాక్టరు మళ్లీ వచ్చి పొట్ట మీద నాలుగు వేళ్లు వేసి తట్టి, ఇది గుండె కాదు గ్యాసు అని తేల్చాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. సంచీ సర్దుకుంటూ, "అయినా ఈ వయసులో ఎప్పుడేమవుతుందో ఎవరం చెప్పగలం" అని ఓ మాట వదిలి వెళ్లాడు.

ఆ మాట మేస్త్రీ కళ్లు మూసుకునే విన్నాడు. రాత్రంతా దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. వాళ్ల నాన్న ఆఖరి మాట, 'తలుపు వెయ్యండ్రా, దోమలొస్తున్నాయి'. మేనమామ ఆఖరి మాట, 'ఈ పాలల్లో చక్కెరేదీ'. ఇద్దరూ మంచివాళ్లే. ఐదు పూటలా నమాజు చేసినవాళ్లే. కానీ ఆ ఘడియ ఎప్పుడొస్తుందో తెలియక నోరు జారారు. ఇక తన సంగతి చెప్పాలా? నోట్లో నువ్వుగింజ నానదు. తుప్పుని తిడతాడు, వానని తిడతాడు, బేరమాడేవాళ్లని వాళ్ల తాతల దాకా వెళ్లి తిడతాడు. 'నేను తియ్యలేని తాళం ఇంకా పుట్టలేదు' అని రోజుకి పదిసార్లు కోస్తాడు. వీటిలో ఏదో ఒకటి మీద ఉండగా పుటుక్కుమంటే? ఇప్పుడైతే కలిమా చెప్పేసి ఉన్నాడు. దాని మీద ఇంకో మాట పడలేదు. చేతికందిన తాళంచెవిని మళ్లీ బావిలో పారేసుకునే వెర్రివాడు ఎవడైనా ఉంటాడా?

అందుకని నోరు మూసుకున్నాడు.

సంగతి తెలిసి ఇమాం పరుగున వచ్చాడు. నోరు కట్టుకు కూర్చోవడం మన పద్ధతే కాదన్నాడు. మాట్లాడి మళ్లీ కలిమా చెప్పుకుంటే సరిపోతుంది కదా అన్నాడు. మేస్త్రీ శ్రద్ధగా విని, చిటిక వేసి, తల పక్కకి వాల్చి, నాలుక బయటపెట్టి చూపించాడు. 'చిటికెలో పోతే?' అని. ఇమాం దగ్గర దానికి జవాబు లేదు. తను మొదటిసారి చేసిన పని ఇలా తయారైనందుకు తల పట్టుకుని వెళ్లిపోయాడు. మేస్త్రీ నమాజుకి మాత్రం నోరు తెరిచేవాడు. చదవాల్సింది చదివి, అటూ ఇటూ సలాం చెప్పి, వెంటనే ఓసారి కలిమా చెప్పుకుని, డబ్బా మూత బిగించినట్టు పెదాలు బిగించేసేవాడు.

భార్య మొదట ఏడిచింది. తర్వాత భయపడింది. మంగళవారం సాయంత్రానికి, పెళ్లయిన నలభై ఏళ్లలో మొదటిసారి తను మొదలుపెట్టిన మాట చివరిదాకా వెళ్లిందని గమనించింది. ఇంకో మాట మొదలుపెట్టి చూసింది. అదీ వెళ్లింది. ఇక ఆవిడ పీట వేసుకుని మంచం పక్కన కూర్చుని, పెళ్లిలో ఆడపడుచు ఏమందో అక్కణ్నుంచి ఎత్తుకుంది. పెద్దాడు పుట్టినప్పుడు కొన్న బీరువా, దాని తలుపు సరిగ్గా పడదని తను ముందే చెప్పడం, ఆయన వినకపోవడం, ఇవాళ్టికీ ఆ తలుపు పడకపోవడం. "తాళాల మేస్త్రీ ఇంట్లో తాళం పడని బీరువా. నలుగురికి చెప్పుకుంటే నవ్వుతారు. చెప్పండి, కాదంటారా?"

మేస్త్రీ చెవులు ఎర్రబడ్డాయి. మెడ నరాలు లేచాయి. ఆ బీరువా వంకర కొట్టువాడిచ్చిందే గాని తన తప్పు కాదని చెప్పడానికి లోపల నలభై ఏళ్ల సమాధానం సిద్ధంగా ఉంది. మింగాడు. స్వర్గం ఊరికే రాదనుకున్నాడు.

*

బుధవారం మధ్యాహ్నం, బయట వాన దంచుతుండగా, ఎదురుగా ఉన్న గొడుగుల కొట్టు యజమాని తడుస్తూ వచ్చాడు. గొడుగులు అమ్ముకునేవాడు తడుస్తూ వచ్చాడంటేనే ఏదో ఉందని మేస్త్రీ మంచం మీంచి తల ఎత్తాడు. నడిమిగదిలో మంచం మీద నుంచి చూస్తే కొట్టంతా కనబడుతుంది. యజమాని బల్ల మీద తన గోదాము తాళం కప్ప పెట్టాడు. వెనకాలే అతని బావమరిది, వాడి వెనకాల మరో నలుగురు.

సంగతి ఇదీ. మధ్యాహ్నం భోజనాల వేళ వీధంతా గంటన్నర మూసేస్తారు. ఆ గంటన్నరలో గోదాములోంచి మూడు పెట్టెల గొడుగులు మాయమయ్యాయి. కొత్తరకం, మీట నొక్కితే విచ్చుకునేవి, ఈ వానలకని తెప్పించినవి. తాళం పగలలేదు. గీత కూడా పడలేదు. తాళంచెవితో తీసి, మళ్లీ మర్యాదగా వేసి వెళ్లారు.

"ఏడు లివర్ల తాళం ఇది. నేనే మీ దగ్గర కొన్నాను. దీనికి మారు తాళంచెవి చెయ్యగలిగేవాళ్లు ఈ వీధిలో ఇద్దరే," అన్నాడు యజమాని. "ఒకరు మంచం మీద పోబోతున్నారు. రెండోవాడు వీడు."

నిదానం చేతిలో చిన్న తాళం పొట్ట విప్పి ఉంది. అతను స్ప్రింగు ఎగిరిపోకుండా వేలితో నొక్కిపట్టి, ఆ మాట తన గురించేనని గ్రహించడానికి కొంచెం సమయం తీసుకున్నాడు. ఈలోగా బావమరిది, మనిషి మౌనంగా ఉన్నాడంటేనే తెలియడం లేదా అన్నాడు. శుక్రవారం మూడింటికి వర్తకుల సంఘం కూర్చుంటుందని, అప్పటికి సరుకు రాకపోతే పోలీసులేనని, అంతదాకా వీడు ఈ వీధిలో పనిచెయ్యడానికి వీల్లేదని యజమాని తీర్పు చెప్పేశాడు. నాలుగిళ్ల ఆడవాళ్లు కిటికీల్లోంచి వింటుండగా 'దొంగ' అన్నాడు.

నిదానం స్ప్రింగు తీసి సీసా మూతలో వేశాడు. చిన్న ఆకురాయి తుడిచి దాని గూట్లో పెట్టాడు. పెద్ద ఆకురాయి తుడిచి దాని గూట్లో పెట్టాడు. ఒళ్లో పడ్డ ఇత్తడి రజనుని కాగితం మీదికి దులిపి పొట్లం కట్టాడు. తోలు గుడ్డ విప్పి మేకుకి తగిలించాడు. నడిమిగది గుమ్మం దగ్గరికొచ్చి, "నేను చెయ్యలేదు మేస్త్రీ," అన్నాడు.

మేస్త్రీ తలూపాడు. అంతే చేశాడు.

ఎందుకంటే ఆ తాళంచెవి చేసింది మేస్త్రీయే. పదిహేను రోజుల కిందట, నిదానం టీకి వెళ్లినప్పుడు ఈ బావమరిదే వచ్చాడు. చేతిలో పచ్చటి ఒంటి సబ్బు. దాని మీద ఏడు గాట్ల తాళంచెవి అచ్చు. బావ మరిచిపోతుంటాడు, ఇంకోటి ఉంటే మంచిదని మొదలుపెట్టాడు. అసలు తాళమో, తాళంచెవో, యజమానో రానిదే చెయ్యనని మేస్త్రీ బోర్డు చూపించాడు. ఆ బోర్డు ఆయనే రాసుకున్నది, ఎర్ర రంగుతో, యాభై ఏళ్ల పేరు దాని మీదే నిలబడి ఉంది. బావమరిది నిట్టూర్చి, "పోనీలెండి. సబ్బు అచ్చు చూసి ఏడు లివర్లది కొయ్యడం ఈ రోజుల్లో ఎవరివల్ల అవుతుంది. మీకూ వయసైపోయింది," అన్నాడు.

నలభై నిమిషాల్లో కోసి చేతిలో పెట్టాడు మేస్త్రీ. పైగా తన గుర్తుగా తల కింద మూడు చిన్న గీతలు కూడా గీశాడు, పనితనం చూసి మురిసిపోయి.

ఆ సబ్బు ఇంకా కొట్లో నూనె డబ్బా పక్కన అరలో ఉంది. మంచం మీంచి కనబడుతోంది. మాట అక్కర్లేదు, ఆ సబ్బు ఎత్తి చూపిస్తే చాలు. కానీ చూపిస్తే దాని వెనకాల బోర్డు కూడా చదువుతారు. రేపు చూద్దాంలే అనుకున్నాడు. శుక్రవారానికి ఇంకా రెండు రోజులున్నాయి. పైగా తను నోరు తెరవకూడని మనిషి కదా.

*

గురువారం పొద్దున భార్యకి దుప్పట్లు ఉతకబుద్ధి పుట్టింది. సోమవారం పరామర్శకి వచ్చినవాళ్లు వాటి మీదే గంటల తరబడి కూర్చున్నారు. ఇంట్లో సబ్బు అయిపోయింది. కొట్లోకి వెళ్లి అర వైపు చూసింది.

మేస్త్రీ మంచం దిగాడు. ఆవిడ సబ్బు తీసుకుని వస్తుంటే అడ్డంగా నిలబడ్డాడు. సబ్బు చూపించాడు, తల అడ్డంగా ఊపాడు, గాల్లో తాళంచెవి తిప్పాడు.

"స్నానమా? డాక్టరు వద్దన్నాడు."

మేస్త్రీ రెండు చేతులూ ఎత్తి గొడుగు విప్పినట్టు చూపించాడు.

"వాన వస్తే వస్తుంది, పెరట్లో రేకు కింద ఆరేస్తాలెండి."

చప్పట్లు కొట్టాడు. కాలు నేలకేసి కొట్టాడు. సబ్బు లాక్కోబోయాడు. మూడు రోజులుగా మనిషి నోరెత్తకపోవడంతో ఆవిడకి ధైర్యం బాగా పెరిగింది. "పక్కకి జరగండి, ముసలితనానికి ముద్దులెక్కువా అని," అంటూ ఆయన్ని మోచేత్తో నెట్టి పెరట్లోకి వెళ్లింది.

ఉతుకుడు బండ దగ్గర మేస్త్రీ నిలబడి చూశాడు. 'ఆగు' అంటే చాలు. రెండక్షరాలు. ఆ రెండక్షరాల కోసం స్వర్గం వదులుకుంటాడా? సబ్బు దుప్పటి మీద నాలుగుసార్లు పైకీ కిందికీ నడిచింది. ఏడు గాట్లు అయిదయ్యాయి, రెండయ్యాయి. నురగ కాలవలో పడి పోయింది. ఆ నురగ పోతుంటే గుండెల మీంచి ఏదో బరువు దిగినట్టు హాయిగా అనిపించింది మేస్త్రీకి. ఇక బోర్డు ఎవరూ చదవరు.

ఆ హాయి ఆయనకి నచ్చలేదు. తుప్పు కనబడకుండా పైన రంగు పూసిన కప్పని చేత్తో పట్టుకున్నట్టుంది. అయినా లోపలికి వెళ్లి పడుకుని గోడవైపు తిరిగాడు.

ఆ సాయంత్రం నిదానం పెరటి గుమ్మంలోంచి వచ్చాడు. వీధిలో పనిచెయ్యొద్దన్నారు గాని పెరట్లోకి రావొద్దనలేదు. ఒప్పుకున్న పని మూడు తాళాలు మిగిలిపోయాయట, శనివారం ఇస్తానని మాటిచ్చాడట. నడిమిగదిలో కింద కూర్చుని, కప్ప పొట్ట విప్పి, కిరసనాయిల్లో ముంచిన ఈకతో లోపలి లివరు రేకులు ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే ఇమాం కూడా వచ్చాడు. మేస్త్రీ గోడవైపే తిరిగి ఉండటంతో, ఏం చెయ్యాలో తోచక నిదానం పక్కనే చాప మీద కూర్చున్నాడు.

కాసేపటికి నిదానం అడిగాడు, మొన్న మేస్త్రీ చెప్పిన మాటకి అర్థమేమిటని. పదహారేళ్లుగా అయిదు పూటలా మసీదు మీంచి వింటున్నాడట గాని ఎవరినీ అడగలేదట. ఇమాం మొహం విప్పారింది. నాలుగు రోజుల్లో ఎవరో ఒకరు తనని జవాబున్న ప్రశ్న అడిగారు.

"నేను సాక్ష్యం చెబుతున్నాను. అల్లాహ్ తప్ప ఆరాధించదగినవాడు వేరెవరూ లేరు. ముహమ్మద్ ఆయన పంపిన ప్రవక్త. అదీ అర్థం. నమాజుకి పిలిచే పిలుపులో 'అష్‌హదు' అని వినబడుతుంది చూడండి, అదే సాక్ష్యం చెబుతున్నాననడం."

"అంటే బోనెక్కినట్టా?"

"అలాంటిదే. ఒకసారి ఎక్కితే బతికినంతకాలం దిగడానికి లేదు."

నిదానం ఒక లివరు తుడిచి గుడ్డ మీద పెట్టాడు. ఇంకోటి తీశాడు. "చూడందానికి సాక్ష్యం ఎలా చెబుతారండీ?"

"ఈ తాళం చూస్తే చేసినవాడొకడు ఉన్నాడని మీకు తెలియదా?"

"ఎవరు చేశారో కూడా తెలుస్తుంది," అన్నాడు నిదానం. "మేస్త్రీ గీత నేను కళ్లు మూసుకుని గుర్తుపడతా." అది అతనికి తృప్తిగా అనిపించింది. కాసేపు పని చేసి, "ఆయన తప్ప వేరెవరూ లేరంటే?" అన్నాడు.

"ఇంకెవరి ముందూ తల వంచనని. డబ్బు ముందు, అధికారం ముందు, చివరికి నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం ముందు కూడా."

"ఆ చివరిదే పెద్ద దేవుడండీ. ఈ వీధిలో అందరం దానికే మొక్కుతాం."

ఇమాం నవ్వాడు. మంచం మీద వీపు కదల్లేదు. నిదానం మళ్లీ అడిగాడు, ఒకసారి చెబితే సరిపోతుందా అని. చెప్పిన క్షణం నుంచీ మనిషి ఇస్లాం ఇంటివాడే అన్నాడు ఇమాం. మనసారా అన్నవాడికి అంతకు ముందున్నదంతా కడిగేసినట్టేనని, దానికంత విలువ ఉందని, అందుకే పోయేటప్పుడు కూడా అదే నోట్లో ఉండాలని కోరుకుంటామని చెప్పాడు. "కానీ మా పెద్దలు ఇంకో మాట అనేవారు. కలిమా స్వర్గానికి తాళంచెవే. అయితే పళ్లు లేని తాళంచెవితో ఏ తలుపు తెరుచుకుంటుంది? మన పనులే దానికి పళ్లు అని." అన్నాక, తాళాలవాడికి తాళాల గురించి చెప్పానని సిగ్గుపడి లేచాడు.

మేస్త్రీ ఇటు తిరిగాడు. కొట్లో గోడ మీద మేకులకి వరసగా పళ్లు కొయ్యని తాళంచెవులు వేలాడుతున్నాయి. మెరుస్తూ, నున్నగా, వంక పెట్టడానికి లేకుండా. ఏ తాళంలోనైనా దూరతాయి. దేన్నీ తియ్యలేవు.

*

శుక్రవారం మూడింటికి గొడుగుల కొట్టు నిండిపోయింది. పైన దూలాలకి నల్ల గొడుగులు గబ్బిలాల్లా తలకిందులుగా వేలాడుతున్నాయి. స్టీలు సామాన్ల పెద్దాయన సంఘానికి అధ్యక్షుడు, ఉన్న ఒక్క కుర్చీలో ఆయన కూర్చున్నాడు. బావమరిది మూల నిలబడి ఒక గొడుగు మీట మీద వేలు ఆడిస్తున్నాడు. నిదానం మధ్యలో, చేతులు కట్టుకుని. గుమ్మం దగ్గర తాళాల మేస్త్రీ, ఉతికిన చొక్కా వేసుకుని. ఆయన వెనక, ఈ మనిషి ఎక్కడికి పోతున్నాడోనని చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చిన భార్య. ఇమాం కూడా నమాజు అయిపోగానే అటే వచ్చాడు.

పెద్దాయన నిదానాన్ని అడిగాడు. చెయ్యలేదన్నాడు నిదానం. మరి ఇంకెవరు చేసుంటారు, ఈ తాళం పొట్ట తెలిసినవాళ్లు ఎవరున్నారని అడిగాడు. నిదానం నోరు తెరిచాడు. మేస్త్రీ వైపు చూశాడు. నోరు మూసుకున్నాడు.

"చూశారా," అన్నాడు బావమరిది.

మేస్త్రీ రెండడుగులు ముందుకేశాడు. గొంతు సవరించుకున్నాడు. నాలుగు రోజులుగా నమాజుకి తప్ప వాడని గొంతు తుప్పు పట్టిన గడియలా కిర్రుమంది. తర్వాత విడిపోయి, బండల కొట్టు దాకా వినబడింది.

"అష్‌హదు అల్లా ఇలాహ ఇల్లల్లాహ్, వ అష్‌హదు అన్న ముహమ్మదర్ రసూలుల్లాహ్."

కొట్టంతా కంగారు పడింది. అయిపోయింది, ఇక్కడే పోతున్నాడనుకున్నారు. పెద్దాయన కుర్చీ ఖాళీ చేశాడు. ఎవరో గొడుగుతో విసరడం మొదలుపెట్టారు. ఇమాం పరుగున వచ్చి తల పట్టుకోబోయాడు. భార్య ఆయన చొక్కా గుండీ విప్పేసింది.

"వదలండి," అన్నాడు మేస్త్రీ. "పోవడం లేదు. ఇది మొదటి సాక్ష్యం. ఇంకోటుంది."

గుండీ పెట్టుకున్నాడు. కుర్చీ వద్దన్నాడు. ఆ తాళంచెవి చేసింది తనేనని చెప్పాడు. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎవరు తెచ్చిన అచ్చు మీద, ఎన్ని నిమిషాల్లో అన్నీ చెప్పాడు. మీకు వయసైపోయిందంటే పౌరుషం వచ్చి చేశానని కూడా చెప్పాడు. అది చెప్పేటప్పుడు మాత్రం గొంతు వీధి దాకా వెళ్లలేదు.

బావమరిది గట్టిగా నవ్వాడు. చావు దగ్గరపడి మతి పోయిందన్నాడు. ఆ సబ్బేదో చూపించమన్నాడు.

"లేదు. మా ఆవిడ దాంతో దుప్పట్లు ఉతికేసింది."

కొట్టు ఘొల్లుమంది. పెద్దాయన కూడా నోటికి తుండు అడ్డం పెట్టుకున్నాడు. మేస్త్రీ నవ్వు ఆగేదాకా నిలబడ్డాడు. యాభై ఏళ్లలో ఆయన్ని చూసి ఈ వీధి నవ్వడం అదే మొదలు.

"నవ్వుతారేం?" అంది వెనక నుంచి భార్య. "నేనే ఉతికాను. నా చేత్తో. సబ్బు మధ్యలో తాళంచెవంత గుంట ఉంది, పక్కన గాట్లు. వేలు జారకుండా కొత్తరకంగా చేశారు కాబోలనుకున్నా. ఈయనేమో గొడుగు చూపిస్తారు, తాళం చూపిస్తారు. నేను స్నానమనుకున్నా." అప్పుడే అర్థమైనట్టు ఆయన వైపు తిరిగి, "నోటితో చెప్పొచ్చు కదండీ" అంది.

గొడుగుల యజమాని నవ్వలేదు. "ఏ రంగు సబ్బు వదినా?"

"పచ్చ. వేపాకు వాసన."

యజమాని మెల్లగా మూలకి తిరిగాడు. పదిహేను రోజుల కిందట స్నానాలగదిలో పచ్చ సబ్బు మాయమైందని, కాకి ఎత్తుకుపోయిందని ఈ బావమరిదే చెప్పాడని, కాకికి సబ్బెందుకని తను అప్పుడే అడిగానని అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, బావమరిది చెయ్యి జేబు మీదికి పోయింది. రెండో చేతిలో మీట నొక్కుకుపోయి గొడుగు టప్పున విచ్చుకుంది. దాని వెనక మొహం దాచుకుందామన్నా వీల్లేకుండా పెద్దాయన చెయ్యి చాపాడు. తాళంచెవుల గుత్తి వచ్చింది. గుత్తిలో ఏడు గాట్లది ఉంది. నిదానం దాన్ని తీసుకుని, కళ్లు మూసుకుని, తల కింద బొటనవేలు రాశాడు. మూడు గీతలు.

సరుకు ఎవరో స్నేహితుడి షెడ్డులో ఉందట. దాని సంగతి బావా బావమరుదులు ఇంటికెళ్లి తేల్చుకునేలా ఉన్నారు. యజమాని ఒక కొత్త గొడుగు తీసి, మనసులో పెట్టుకోవద్దంటూ నిదానం చేతిలో పెట్టాడు. నిదానం దాన్ని విప్పి చూశాడు. మూసి చూశాడు. ఊచలు లెక్కపెట్టాడు. తిరిగి బల్ల మీద పెట్టాడు.

"దొంగ అని నలుగురూ వినేలా అన్నారు. కాదని కూడా అలాగే అనండి. గొడుగు తర్వాత చూద్దాం."

యజమాని గొణిగాడు. వినబడలేదన్నాడు స్టీలు సామాన్ల పెద్దాయన. యజమాని గుమ్మంలోకి వెళ్లి, కిటికీల వైపు చూసి, గట్టిగా చెప్పాడు.

అందరూ లేచేటప్పుడు పెద్దాయన మేస్త్రీని ఆపాడు. బోర్డు సంగతేమిటని అడిగాడు. సంఘంలో నలభై కొట్ల తాళాలూ ఆయన దగ్గరివే.

"తప్పే," అన్నాడు మేస్త్రీ. అంతకుమించి ఏమీ కలపలేదు. అందరికీ తెలిసిన మేస్త్రీ అయితే దాని మీద గంట మాట్లాడేవాడు. ఆలోచించుకుంటామన్నాడు పెద్దాయన. ఆలోచించుకోండన్నాడు మేస్త్రీ.

*

వాన తగ్గలేదు. కొట్లో నిదానం మేకు మీది తోలు గుడ్డ తీసి కట్టుకున్నాడు. పెద్ద ఆకురాయి దాని గూట్లోంచి తీశాడు. చిన్న ఆకురాయి దాని గూట్లోంచి తీశాడు. మేస్త్రీ వైసు ముందు స్టూలు మీద కూర్చుని, మాట్లాడుతూనే ఉన్నాడు. బీరువా వంకర ఎవరి తప్పో లోపలికి వినబడేలా చెప్పాడు. వానని తిట్టాడు. కాకిని నమ్మిన యజమానిని తిట్టాడు. ఉన్నట్టుండి ఆగి, నిదానం వైపు చూశాడు.

"అక్కడ నువ్వేదో చెప్పబోయి ఆగిపోయావు."

నిదానం ఆకురాయి తుడిచాడు. "ఆ సబ్బు నేనే అరలో పెట్టాను మేస్త్రీ. ఊడుస్తుంటే వైసు కింద దొరికింది. అచ్చు చూశాను. గాట్లు లెక్కపెట్టాను."

"అంటే బుధవారం నీకు తెలుసు."

"తెలుసు."

"మరి చెప్పవేం?"

"మీరు ఆఖరి మాట చెప్పేసి పడుకున్నారు కదా," అన్నాడు నిదానం. "పోయే మనిషి మీద చెడ్డమాట ఎందుకు వెయ్యడమని. మీరు పోయాక చెబుదామనుకున్నా. పోలేదు."

మేస్త్రీ వైసు పిడిని బిగించి, మళ్లీ వదులు చేశాడు. వానచుక్కలు రేకు మీద పడుతుంటే విన్నాడు. తర్వాత ముక్కు చీదుకుని, లోపలికి తిరిగి, ఇద్దరికీ టీ పెట్టమని కేకేశాడు. నాలుగు రోజులు ఇల్లే స్వర్గంలా ఉండేది, అయిపోయిందని లోపల్నుంచి జవాబు వచ్చింది.

నిదానానికి ఏదో గుర్తొచ్చింది. "మేస్త్రీ, ఇంతసేపు మాట్లాడారు. ఆ మాట మళ్లీ చెప్పుకోలేదు."

మేస్త్రీ చెయ్యి గుండెల మీదికి వెళ్లింది. నిజమే. మూడింటి నుంచీ గుర్తే లేదు. కాసేపు చెయ్యి అక్కడే ఉంచి, లోపల సవ్యంగా కొట్టుకుంటున్నదాన్ని విన్నాడు. తర్వాత ఆ చెయ్యి చాపి, గోడ మీది మేకుకి వేలాడుతున్న నున్నటి తాళంచెవి ఒకటి తీసి వైసులో బిగించాడు.

"చెబుతాలే," అన్నాడు. "ముందు ఆ ఆకురాయి ఇటివ్వు. దీనికి పళ్లు కొయ్యాలి."

నిదానం ఇచ్చాడు, నిదానంగా.